బ్యాటరీ అదే, వాట్లే పెరిగాయి

శ్రీ సత్యసాయి జిల్లా పటంలో పడమటి మూల, శిర వైపు కర్ణాటకలోకి చొచ్చుకుపోయినట్టుండే మండలాల్లో రొళ్ల ఒకటి. అగళి, అమరాపురం, గుడిబండ, మడకశిరలతో కలిపి చూస్తే ఇది తెలుగు, కన్నడం ఒకే అరుగు మీద వినబడే నేల. కాగితాల మీద రాజధాని ఏదైనా, సరుకు విషయంలో ఈ సీమకు రాజధాని బెంగళూరే. హిందూపురం నుంచి అది వంద కిలోమీటర్లు. హైదరాబాదు దానికి నాలుగింతలకు పైగా దూరం. అందుకే ఇక్కడి రేడియో రిపేరు బల్ల మీదికి, లారీ క్యాబిన్‌లోకి, ఆ తర్వాత కారు డిక్కీలోకి చేరిన ఆంప్లిఫయర్ కథ చెప్పాలంటే బెంగళూరు సదర్ పత్రప్ప రోడ్డును తప్పించుకోలేం. ఆ కథ నుంచి ఒక్క మాట తేల్చి చెప్పాలని నా ప్రయత్నం. తక్కువ డబ్బుతో బండిలో పాటలు పెట్టించుకునేవాడికి ఏ ఆంప్లిఫయర్ మంచిదో తేల్చడానికి ఒకప్పుడు సరైన కొలత ఉండేది. ఆ కొలత బ్యాటరీ. 1990ల నుంచి దాని స్థానాన్ని అట్టపెట్టె మీద అచ్చేసిన వాట్లు ఆక్రమించాయి. ఆ మార్పిడిలో మోసపోయింది ఎక్కువగా తక్కువ డబ్బున్నవాడే.

బండిలో ఆంప్లిఫయర్ పాటల కోసం పుట్టిందని అనుకుంటాం గానీ, మన పల్లెల్లో అది ముందు మాటల కోసం వచ్చింది. టూరింగ్ టాకీసులో ఆడే సినిమా పేరు ఊరూరా చాటడానికి, ఎన్నికల్లో గుర్తు చెప్పడానికి, జాతరకు, వీధి నాటకానికి మైకుసెట్టు తిరిగేది. కరెంటు లేని ఊళ్లోనూ, కదిలే బండి మీదా అది పనిచేయాలంటే 12 వోల్టుల బ్యాటరీయే దిక్కు. 1940లో మొదలైన అహూజా సంస్థ పేరు దక్షిణాది మైకుసెట్టు వాళ్లందరికీ ఇంటిపేరులాగా నిలిచిపోవడానికి ఒక కారణం, గోడ కరెంటుతోనూ బ్యాటరీతోనూ నడిచే ఆంప్లిఫయర్లను అమ్మడం. 1982 మార్చిలో పార్టీ పెట్టిన ఎన్టీ రామారావు పాత షెవర్లే వ్యానును చైతన్య రథంగా మార్చుకుని రాష్ట్రమంతా తిరిగినప్పుడు, బండి పైనుంచి వినబడే గొంతుకు ఎంత బలం ఉంటుందో రాజకీయ పార్టీలన్నిటికీ తెలిసొచ్చింది. అలాంటి బండ్లలో ఆంప్లిఫయర్‌ను ఎంచుకునేవాడు అడిగే ప్రశ్న చాలా మొరటుది: ఒక్క చార్జింగుతో ఎన్ని ఊళ్లు తిరగొచ్చు? ఆ ప్రశ్నలో వాట్ల ప్రసక్తి లేదు, ఆంపియర్ల లెక్క ఉంది. హార్న్ లౌడ్‌స్పీకరు కొద్దిపాటి శక్తికే గట్టిగా మోగుతుంది కాబట్టి, ఆంప్లిఫయర్ పెద్దది కానక్కర్లేదని మైకుసెట్టు మనిషికి ఏ చదువూ లేకుండానే తెలుసు.

ఇందులో మన ప్రత్యేకత ఏమీ లేదు, బ్యాటరీ గొడవ ప్రపంచమంతటా ఒకటే. అమెరికాలో గాల్విన్ సోదరులు 1930లో మోటరోలా పేరుతో కారు రేడియో తెచ్చినప్పుడు దాని అసలు సమస్య శబ్దం కాదు, సరఫరా. ఆ రేడియోలోని వాల్వులు పనిచేయడానికి వందకు పైగా వోల్టులు కావాలి. అప్పటి కారు బ్యాటరీ ఇచ్చేది 6. తర్వాత కొన్నేళ్లకే దానికి విరుగుడుగా వైబ్రేటర్ అనే పరికరం వచ్చింది. అది బ్యాటరీ కరెంటును చకచకా తెంచి కలుపుతూ, ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా వోల్టేజిని పెంచేది. ఈ పాత యంత్రాన్ని గుర్తుపెట్టుకోవాలి. నేడు వేల రూపాయలు పోసి కొనే కారు ఆంప్లిఫయర్ కడుపులో ఉన్నదీ అదే ఉపాయం. పరికరం మారి మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్లు వచ్చాయి, అంతే. 12 వోల్టులను పెంచే ఆ భాగం లేని ఆంప్లిఫయర్, దాని పెట్టె మీద ఏమి రాసినా, ఒక హద్దు దాటలేదు. ఆ హద్దు ఎంతో కాసేపట్లో లెక్క వేద్దాం.

వాల్వుల కాలంలో కారు రేడియో మన దగ్గర జమీందారు, డాక్టరు, పెద్ద అధికారి స్థాయి దాటి కిందికి రాలేదు. కిందికి దింపింది ట్రాన్సిస్టరు. 1954లో బెంగళూరు జాలహళ్లిలో స్థాపించిన భారత్ ఎలక్ట్రానిక్స్ 1960ల మొదట్లో జర్మేనియం ట్రాన్సిస్టర్ల తయారీకి దిగింది. రక్షణ శాఖ కోసం పెట్టిన ఫ్యాక్టరీ అయినా, దాని ముద్ర ఉన్న ట్రాన్సిస్టర్లు రేడియో రిపేరు చేసే ప్రతి బల్ల మీదికీ చేరాయి. అమెరికాలో ఆర్‌సీఏ సంస్థ తెచ్చిన 2ఎన్3055 అనే లోహపు టోపీ ట్రాన్సిస్టరు మైకుసెట్టు మెకానిక్కులకు అంకెలతోనే పరిచయం. విదేశీ సెట్లకు సుంకాలు, పర్మిట్లు అడ్డుపడుతున్న రోజులవి. తయారైన వస్తువు రాలేని చోటికి దాని విడిభాగాలు, దాన్ని కలిపే చేతులు వచ్చాయి. బెంగళూరులో సదర్ పత్రప్ప రోడ్డు, చెన్నైలో రిచీ స్ట్రీట్, హైదరాబాదు కోఠిలో గుజరాతీ గల్లీ పెరిగింది ఆ ఖాళీలోనే. మడకశిరలోనో హిందూపురంలోనో ఉన్న మెకానిక్ రైలో బస్సో ఎక్కి వెళ్లి బోర్డులు, కండెన్సర్లు, అల్యూమినియం హీట్ సింకులు సంచిలో తెచ్చుకోగలిగిన దూరంలో ఉండటమే ఈ సరిహద్దు సీమకు దక్కిన సౌలభ్యం.

క్యాసెట్టు వచ్చాక గిరాకీ తీరు మారిపోయింది. 1963లో ఫిలిప్స్ తెచ్చిన కాంపాక్ట్ క్యాసెట్టు మన దేశంలో 1980లలో ఇంటింటి వస్తువైంది. ఎక్కువ గంటలు బండిలోనే బతికేది లారీ డ్రైవరు, బస్సు డ్రైవరు, ట్రాక్టరు తోలేవాడు. కారు ఉన్నవాడికన్నా ముందు వీళ్లే బండిలో పాటకు గిరాకీ తెచ్చారు. మన దగ్గర కారు ఆడియోకు తాత కారు కాదు, లారీ. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కాకే మధ్యతరగతి కారు అనేది నిజంగా మొదలైంది. అది పాతబడి రెండో చేతికి, మూడో చేతికి దిగి తాలూకా ఊళ్లకు చేరడానికి మరో పదిపదిహేనేళ్లు పట్టింది. ఆ వేళకు లారీల మీద చేయి తిరిగిన మెకానిక్కులు సిద్ధంగా ఉన్నారు. వాళ్ల చేతిలో ఉన్న వస్తువు ఒక ఐసీ. సాన్యో వారి ఎల్ఏ4440. అంగడిలో దానికి అంత పేరు కూడా అక్కర్లేదు, ‘ఫోర్టీ ఫోర్ ఫోర్టీ’ అంటే చాలు.

ఆ ఐసీని దగ్గరగా చూడటం అవసరం, ఎందుకంటే ఈ వ్యాసానికి అదే శాసనం. ఒకే వరసలో 14 కాళ్లు, వెనక హీట్ సింకుకు బిగించడానికి లోహపు రెక్క. తయారీదారు పత్రం దాని గురించి చెప్పేది రెండే ముక్కలు: 13.2 వోల్టుల మీద, 4 ఓమ్స్ స్పీకర్లకు, స్టీరియోగా వాడితే వైపుకు 6 వాట్లు. రెండు సగాలనూ కలిపి బ్రిడ్జిగా ఒకే స్పీకరుకు ఇస్తే 19 వాట్లు. ఇప్పుడు లెక్క చూడండి. బ్యాటరీ వోల్టేజిని మించి ఊగలేని ఆంప్లిఫయర్ బ్రిడ్జి పద్ధతిలో ఇవ్వగల శుభ్రమైన శక్తికి గరిష్ఠ హద్దు, వోల్టేజి వర్గాన్ని స్పీకరు ఓమ్స్‌కు రెట్టింపుతో భాగిస్తే వచ్చేది. 13.2 వర్గం 174. ఎనిమిదితో భాగిస్తే దాదాపు 22. అందులో ట్రాన్సిస్టర్లు మింగేది పోగా, కొంత గరగర ఒప్పుకుని, పత్రం చెప్పింది 19. అంటే ఆ కాగితం భౌతికశాస్త్రంతో పేచీ పెట్టుకోలేదు. దాన్ని బిగించిన మెకానిక్కు ఈ సూత్రం తెలిసి ఉండకపోవచ్చు. కానీ ఐసీ ఎంత వేడెక్కుతుందో, ఏ ఫ్యూజు నిలుస్తుందో, ఇంజను ఆపి పాటలు వింటే పొద్దున బండి స్టార్టవుతుందో లేదో తెలుసు. 24 వోల్టుల లారీలో రెండు బ్యాటరీల మధ్య తీగ నుంచి 12 వోల్టులు లాగితే, ఒక బ్యాటరీ మాత్రమే ఖాళీ అవుతూ, రెండోది అతిగా చార్జవుతూ, చివరికి రెండూ చెడతాయని మెకానిక్కులు దెబ్బలు తిని నేర్చుకున్నారు. వాట్లు వాళ్ల మాటల్లో తక్కువ, ఫ్యూజు ఎక్కువ.

1991 తర్వాత తలుపులు తెరుచుకున్నాయి. విదేశీ బ్రాండ్ల సెట్లు, వాటిని అనుకరించే పేరులేని సెట్లు, పాడైతే విప్పి చూడకుండా మార్చేసే సరుకు కలిసే వచ్చాయి. వాటితో వచ్చిన కొత్త అంకె పీఎంపీఓ, అంటే క్షణకాలపు శిఖర శక్తి అని చెప్పుకునేది. ఆరు బ్యాటరీ సెల్లులతో పాడే టూ ఇన్ వన్ మీద వందల, వేల వాట్ల అంకెలు వేసిన దశకం అది. కొలిచే పద్ధతి ఏదీ లేని కొలత కాబట్టి ఎవరూ తప్పు పట్టలేకపోయారు. ఆ గాలి కారు సెట్లకూ సోకింది. ఈనాటికీ కారు స్టీరియో ముఖం మీద కనబడే ‘50 వాట్లు × 4’ అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో విప్పి చూస్తే సరదాగా ఉంటుంది. ఇంజను నడుస్తున్నప్పుడు బండిలో 14.4 వోల్టులు ఉంటాయి. పైన చెప్పిన లెక్క ప్రకారం 4 ఓమ్స్‌కు శుభ్రమైన శక్తి 26 వాట్లకు లోపే. కానీ వాల్యూము చివరిదాకా తిప్పి, సంగీతపు అలను నలుచదరంగా నరికేస్తే, అదే వోల్టేజి దానికి రెట్టింపు, అంటే 52 వాట్లు ఇస్తుంది. పెట్టె మీది 50 ఆ నరికిన అలదే. అంకె అబద్ధం కాదు, కానీ అది పాటకు సంబంధించినది కాదు. సెట్టు వెనక చూస్తే చాలా వాటికి 10 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది, 14.4తో గుణిస్తే 144. లోపలికి నికరంగా 144 వాట్లు పోయే చోట బయటికి 200 రావడం ఎలాగో అమ్మేవాడు చెప్పడు, కొనేవాడు అడగడు.

అమెరికాలో ఈ జబ్బు ముందే ముదిరింది, మందూ ముందే పడింది. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే ఆంప్లిఫయర్ శక్తిని ఎలా ప్రకటించాలో నియమం చేసింది. అయితే అది ఇంట్లో వాడే సెట్లకే. కారు ఆంప్లిఫయర్లు ఆ వల నుంచి తప్పించుకుని, మరో మూడు దశాబ్దాలు ఇష్టం వచ్చిన అంకెలు వేసుకున్నాయి. 2003లో పరిశ్రమే సీఈఏ-2006 అనే ప్రమాణం పెట్టుకుంది: 14.4 వోల్టులు, 4 ఓమ్స్, 1 శాతానికి మించని ధ్వని వక్రీకరణ. అదీ స్వచ్ఛందమే, ఇష్టమున్నవాడు పాటిస్తాడు. మన దేశంలో ఎలక్ట్రానిక్ వస్తువుల కోసం తెచ్చిన 2012 నాటి తప్పనిసరి నమోదు ఉత్తర్వులో ఆంప్లిఫయర్ల ప్రస్తావన ఉంది గానీ, అది 2000 వాట్లు, ఆపైన కరెంటు తీసుకునే వాటికి, అదీ భద్రత కోసం. అంగట్లో రెండు మూడు వేల రూపాయలకు దొరికే కారు ఆంప్లిఫయర్ మీద ‘3000 వాట్లు’ అని వేస్తే కొలిచి చూసే నాథుడు లేడు.

ఇక్కడ కొన్ని అభ్యంతరాలు వస్తాయి, వాటిలో పస ఉన్నవీ ఉన్నాయి. మొదటిది: పాత అసెంబుల్డ్ సెట్టును పొగడటం పాతకాలపు మోజు తప్ప మరేమీ కాదని. నిజమే, ఆ సెట్లు హమ్ చేసేవి, ఇంజను వేగంతోపాటు స్పీకర్లో ఈల వేసేవి, వానలో తడిస్తే మూగబోయేవి. గ్యారంటీ అంటే మెకానిక్ మాటే. నకిలీ ఐసీలు కూడా ఆ రోడ్లలోనే దొరికేవి. ఈనాటి మామూలు కంపెనీ ఆంప్లిఫయర్ వాటికన్నా మెరుగ్గా పాడుతుందనడంలో నాకు సందేహం లేదు. నా వాదన శబ్దం గురించి కాదు, కొలత గురించి. ఆ మెకానిక్ అమ్మే వస్తువుకూ, దాన్ని మోసే బ్యాటరీకీ సంబంధం అతని కళ్ల ముందే ఉండేది. మర్నాడు బండి స్టార్టు కాకపోతే గిరాకీదారు అతని అంగడికే వస్తాడు. అట్టపెట్టెకు ఆ భయం లేదు.

రెండో అభ్యంతరం దీనికన్నా గట్టిది. క్లాస్ డీ ఆంప్లిఫయర్లు వచ్చాక పాత లెక్కలు చెల్లవంటారు. పాత క్లాస్ ఏబీ పద్ధతిలో తీసుకున్న కరెంటులో సగం, మహా అయితే అరవై శాతం శబ్దమై మిగతాది వేడి అవుతుంది. క్లాస్ డీలో ఎనభై శాతం పైగా శబ్దమవుతుంది. వోల్టేజి పెంచే భాగం కూడా తోడైతే 26 వాట్ల హద్దు నిజంగానే దాటవచ్చు, వందలకు చేరవచ్చు. ఒప్పుకుంటాను. కానీ హద్దు పోలేదు, జరిగింది. 1000 వాట్లు నిజంగా బయటికి రావాలంటే క్లాస్ డీకైనా 85 ఆంపియర్ల పైచిలుకు కావాలి. చిన్న కారులో హెడ్‌లైట్లకు, ఏసీ ఫ్యానుకు, ఇంజనుకు అన్నిటికీ కలిపి ఆల్టర్నేటర్ ఇచ్చేదే దాదాపు అంత, కొన్నింటిలో అంతకన్నా తక్కువ. బోరులో నీళ్లు ఇంకిపోయాక మోటారు హెచ్‌పీ పెంచితే ఏమవుతుందో మడకశిర రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సంగీతం ఎడతెరిపి లేని మోత కాదు, శిఖరాలు క్షణాల్లో వచ్చిపోతాయి, సగటు చాలా తక్కువ అన్న మాటా సబబే. అందుకే ఫ్యూజు లెక్క గ్రాము తూకం కాదు, పై హద్దు మాత్రమే. అయినా 25 ఆంపియర్ల ఫ్యూజుతో వచ్చి 1000 వాట్లు అని చెప్పుకునే పెట్టెను పట్టుకోవడానికి ఆ హద్దు చాలు: 25ను 14.4తో గుణిస్తే 360. క్లాస్ ఏబీ అయితే బయటికి వచ్చేది 200 పైచిలుకు, క్లాస్ డీ అయితే 300 దరిదాపు.

మూడోది చరిత్ర రాసేవాళ్ల నుంచి వచ్చే ప్రశ్న. ఇలాంటి చిల్లర వృత్తికి రికార్డులేవి? పీటర్ మాన్యుయెల్ 1993లో క్యాసెట్టు సంస్కృతి మీద రాసిన పేరున్న పుస్తకం ఉత్తర భారతం గురించి, అదీ పాటల గురించి. పాటను మోసిన పెట్టెల గురించి, వాటిని బిగించిన చేతుల గురించి తెలుగులో రాసింది బహు తక్కువ. కానీ రికార్డు అంటే కాగితమే కానక్కర్లేదు. రొళ్ల పక్కనే హేమావతిలో నొళంబుల రాతిపని చూసి ఆ రాజుల కాలాన్ని అంచనా కడుతున్నాం. అలాంటప్పుడు హీట్ సింకు మందం, తీగ లావు, ఫ్యూజు అంకె, ఐసీ పత్రం అనే సాక్ష్యాలతో నలభై ఏళ్ల కిందటి అంగడి తెలివిని అంచనా కట్టడానికి అభ్యంతరం ఏముంటుంది? పైగా ఈ సాక్ష్యాలు కొలతకు లొంగుతాయి. పొగడ్త శాసనాలకన్నా నమ్మదగినవి.

ఈ కథకు ఈ జిల్లాలోనే ఒక విచిత్రమైన మలుపు ఉంది. 2017లో ఒప్పందం కుదిరి, పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ లేచింది. 2019 ఆగస్టులో అక్కడ తయారైన సెల్టోస్ మార్కెట్లోకి వచ్చింది. దాని ఖరీదైన రకాల్లో ఎనిమిది స్పీకర్ల బోస్ ఆడియో ఫ్యాక్టరీలోనే బిగించి వస్తుంది. కరువుకు పేరుపడ్డ జిల్లా నుంచి పేరున్న ఆడియోతో కార్లు బయలుదేరాయి. అలాంటి కారు కొన్నవాడికి ఆంప్లిఫయర్ ఎంచుకునే పనే లేదు. ఇంజనీర్లు బ్యాటరీకి, స్పీకరుకు, తలుపు రేకుకు జత కుదిర్చి పంపారు. ఇక్కడ గమనించాల్సింది, అలా ఫ్యాక్టరీలో బిగించే ఆడియోను వాట్ల పేరుతో కాక స్పీకర్ల సంఖ్యతో, బ్రాండు పేరుతో అమ్మడం. వాట్ల అరుపు మిగిలింది ఎక్కువగా చవక సరుకు అరలోనే. సెల్టోస్ కొనలేక పాత ఆల్టోకో, టాటా ఏస్‌కో, ట్రాక్టరుకో పాటలు పెట్టించుకునేవాడి ముందే ఆ వేల వాట్ల పెట్టెలు పేర్చి ఉంటాయి.

మరి అతను ఏం కొనాలి? చెవికి శబ్దం రెట్టింపు అనిపించాలంటే దాదాపు పదింతల శక్తి కావాలి. శక్తిని రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. అదే 3 డెసిబెల్స్, సెన్సిటివిటీ (ఒకే శక్తికి ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె) 87 ఉన్న స్పీకరు బదులు 90 ఉన్నది తీసుకుంటే ఊరికే వస్తాయి. హార్న్ లౌడ్‌స్పీకరుతో మైకుసెట్టు మనిషి పట్టిన కిటుకు ఇదే. కాబట్టి బడ్జెట్ చిన్నదైతే డబ్బు ముందు స్పీకర్లకు, తర్వాత లావైన రాగి తీగకు, బ్యాటరీ దగ్గరే పెట్టే ఫ్యూజుకు పోవాలి. చాలా బండ్లకు స్టీరియోలో ఉన్న ఆంప్లిఫయరే సరిపోతుంది. వూఫర్ కావాలనుకుంటే మాత్రం, 14.4 వోల్టుల మీద 4 ఓమ్స్‌కు వందా నూటయాభై ఆర్ఎంఎస్ (ఎడతెరిపి లేకుండా ఇవ్వగల) వాట్లు చూపే, ఆ అంకెకు ఫ్యూజు సాక్ష్యం పలికే నాలుగు చానళ్ల ఆంప్లిఫయరో మోనో ఆంప్లిఫయరో చాలు. వాట్ల అంకె ఉండి ఆర్ఎంఎస్ ఊసు లేని పెట్టెను, రాగి పూత వేసిన అల్యూమినియం తీగను అంగట్లోనే వదిలేసి రండి. పెట్టె ముందుభాగం చదవకండి. వెనక్కి తిప్పి, ఫ్యూజు మీది అంకెను 14.4తో గుణించి, వచ్చినదాంట్లో సగం తీసుకుని, అప్పుడు ధర అడగండి.